గడ్డి మీద ఆపిన కారు

నేను డీజిల్ కారు కొన్నది పర్యావరణం మీద ప్రేమతో అని ఎవరికైనా చెప్తే మా ఆవిడ పక్కనుంచి నవ్వుతుంది. నవ్వడానికి ఆమెకు హక్కుంది. కొన్నది మైలేజీ కోసం. ఏడాదికి నాలుగుసార్లు తెనాలి వెళ్ళి రావచ్చు, ట్యాంకు నింపితే మళ్ళీ ఇల్లు చేరేదాకా చూసుకోనక్కర్లేదు అని. ప్రేమ తర్వాత పుట్టింది. షోరూమ్ కుర్రాడు కారు కింద ఒక డబ్బా ఉంటుందనీ, ఇంజిన్ వదిలే మసినంతా అది పట్టుకుని తనలోనే కాల్చేస్తుందనీ, పొగగొట్టంలో తెల్ల రుమాలు పెట్టినా నల్లబడదనీ చెప్పాడు. ఆ రోజునుంచి నేను మా కొంపల్లి కాలనీలో గాలికి సంరక్షకుణ్ణి అయిపోయాను.

నా ఉద్యోగం శామీర్‌పేట దాటాక ఉన్న ఒక మందుల కంపెనీలో, నాణ్యత చూసే విభాగంలో. ఆధారం లేనిదే దేన్నీ ఒప్పుకోకూడదని పాతికేళ్ళుగా అక్కడ జీతం ఇచ్చి మరీ నేర్పారు. అందుకని లిఫ్టులో ఎవరు దొరికినా ఆధారాలతో సహా వాయించేవాణ్ణి. పాత డీజిల్ బండికి మసి ఎక్కువ. పెట్రోలు బండికి మసి తక్కువే కానీ అదే దూరానికి ఎక్కువ తాగుతుంది. కొత్త డీజిల్‌కి అటు తాగుడూ తక్కువ, ఇటు ఆ డబ్బాలోని ఫిల్టరు వల్ల మసీ లేదు. రెంటికీ చెడని రేవడి ఏదైనా ఉంటే అది మా కారే. కాలనీ వాట్సాప్ గ్రూపులో కూడా నాదే పెత్తనం. జవహర్‌నగర్ చెత్త డంపు వైపు నుంచి గాలి మళ్ళి కంపు వస్తే పోస్టు పెట్టేది నేను. మేడ్చల్ వైపు పొలాల్లో ఎవరైనా గడ్డికి నిప్పు పెడితే పదో అంతస్తు నుంచి ఫోటో తీసి, ఈ రైతులకు ఎప్పుడు బుద్ధి వస్తుందో అని రాసేది కూడా నేనే. ఆ మాటలు ఇప్పుడు గుర్తొస్తే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

ఆరు నెలలు తిరక్కుండానే కారులో పసుపు దీపం వెలిగింది. సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడి పెద్ద మెకానిక్ రోజూ ఎంత దూరం తోలుతారని అడిగాడు. నేను కంపెనీ బస్సులో పోతాను. కారు రోజూ తోలేది మా ఆవిడ. ఆమె పాఠాలు చెప్పే బడి ఇంటికి మూడు కిలోమీటర్లు. కూరగాయలకీ, మాల్‌కీ ఇంకో రెండు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంత కొంచెం తిప్పితే ఇంజిన్ వేడెక్కదట. వేడెక్కకపోతే డబ్బాలో మసి కాలదట, పేరుకుపోతుందట. ఇంకా పేరుకుంటే డబ్బా మొత్తం మార్చాలట. దానికి ఒకటే మందు, వారానికోసారి పెద్ద రోడ్డెక్కి ఇరవై, ముప్పై నిమిషాలు వేగం తగ్గకుండా తోలడం. దీపం ఆరేదాకా మధ్యలో ఎక్కడా ఆపొద్దని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తలూపాను.

అలా మా ఆదివారాలు మొదలయ్యాయి. పొద్దున్నే టిఫిన్ చేసి, మేడ్చల్ దగ్గర అవుటర్ రింగు రోడ్డెక్కి, శామీర్‌పేట దాకా పోయి, దిగి, మళ్ళీ ఎక్కి వెనక్కి రావడం. పని లేదు, పాట లేదు. పట్టుకున్న మసిని కాల్చడానికి ఇంకాస్త డీజిలు కాల్చడం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా ఆవిడ మొదటి వారమే అనేసింది. తర్వాత తర్వాత దానికి 'కారు వాకింగ్' అని పేరు పెట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని తయారయ్యేది. నాకు లోపల గుచ్చుకునేది. అయినా దీపం ఆరిపోగానే ఏదో పుణ్యం చేసినంత హాయిగా ఉండేది.

ఆ ఆదివారం ఏప్రిల్ ఆఖర్లో. ముందు రెండు రోజులు అకాల వర్షం పడి, ఆ రోజు ఎండ మళ్ళీ విరుచుకుపడింది. శామీర్‌పేట దాకా వెళ్ళి తిరిగి వస్తున్నా దీపం ఆరలేదు. ఇంకో పది నిమిషాలు తోలితే ఆరేదేమో. కానీ గౌడవెల్లి రోడ్డులో తాటి ముంజలు అమ్ముతున్నారని బడిలో ఎవరో చెప్పారని మా ఆవిడ అంది. దీపం ఇంకా వెలుగుతోంది కదా అని కూడా తనే అంది. ముంజలు తీసుకుని మళ్ళీ ఎక్కుదాంలే అని నేను రింగు రోడ్డు దిగిపోయాను. మెకానిక్ రెండుసార్లు చెప్పిన మాటను ముంజల కోసం కాదన్న మనిషిని నేనే.

ఆ రోడ్డు గురించి ఒక సంగతి చెప్పాలి. చలికాలంలో అక్కడి వాళ్ళు కంది కట్టె, ఉలవ కట్టె కోసి తెచ్చి రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బళ్ళ చక్రాలు దాన్ని తొక్కుతాయి, గింజ రాలుతుంది. ఎవరైనా పక్కకు తప్పుకుని పోతే, పైనుంచే పొమ్మని చెయ్యి ఊపుతారు. బండి పంట మీదికి ఎక్కడం అక్కడ అపచారం కాదు, సాయం. అందుకే రోడ్డు అంచున వరిగడ్డి పరిచి ఉన్నా నేను వెనకాడలేదు. ముంజలమ్మే అవ్వ కూడా, దారికి అడ్డం లేకుండా గడ్డి మీదికే తీసి ఆపమని సైగ చేసింది. ఆపాను. మెత్తగా ఉంది. ఇంజిన్ కట్టేసినా లోపల ఫ్యాను హోరుమని తిరుగుతూనే ఉంది, ఇస్త్రీ పెట్టె బాగా కాలినప్పటి వాసన వస్తోంది. ఎండకేమోలే అనుకున్నాను.

అవ్వకు అరవై దాటి ఉంటాయి. పక్కనే ఆమె భర్త గొంతుక్కూర్చుని కత్తితో తాటికాయలు చెక్కుతున్నాడు. చెవి మీద బీడీ ఉంది. ముంజలు తీసేలోపల అవ్వ మా ఆవిడతో కబుర్లలో పడింది. వెనకాల కనిపించే ఎకరం పొలం వాళ్ళదే. ఊరంతా మిషనుతో కోయిస్తే వీళ్ళు మాత్రం మనుషుల్ని పెట్టి కోయించారు. మిషను కోస్తే గడ్డి ముక్కలైపోతుందని, రెండు బర్రెలకు వానాకాలం దాటేదాకా పొడుగు గడ్డి కావాలని. వానకు తడిసిన పై గడ్డిని ఎండకు రోడ్డంచున పరిచారు. మిగిలినది పక్కనే మనిషి కంటే ఎత్తున వామిగా వేసి ఉంది. ఆ పాల మీదే ఇల్లు నడుస్తుందని ఆమె చెప్తుంటే నేను ముంజ నోట్లో వేసుకుని, ఆ చల్లదనానికి కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి కారు కింద నుంచి పొగ.

ముందు సన్నగా, తెల్లగా. నేను ఇంజిన్ నీళ్ళ ఆవిరి అనుకున్నాను. రెండో క్షణంలో ముందు చక్రాల మధ్య నుంచి మంట నాలుక బయటికి వచ్చింది. నా చేతిలో ముంజల సంచీ. ఇన్నేళ్ళుగా కంపెనీలో ప్రతి ఆర్నెల్లకీ అగ్నిప్రమాదాల శిక్షణ తీసుకున్నవాణ్ణి, మంట వస్తే మొదట ఏం చెయ్యాలో పిల్లలకు చెప్పగలిగినవాణ్ణి, అలా నిలబడి చూస్తూ ఉండిపోయాను.

కదిలింది వాళ్ళు. "కారు కాలుతాంది, కారు నూకుండ్రి" అని ముసలాయన అరిచాడు. బైకు మీద పోతున్న ఇద్దరు బైకు పడేసి వచ్చారు. పక్క పొలం నుంచి ఇంకో ముగ్గురు. ముసలాయన కాయలు కడిగే బిందె ఎత్తి కారు కింద కుమ్మరించి, తలుపు తీసి లోపల బ్రేకు వదిలి, అందరితో కలిసి నెట్టాడు. కారు తారు రోడ్డు మధ్యకు వచ్చేసింది. అడుగున ఒక ప్లాస్టిక్ రేకు కరిగి వేలాడింది, అంతే. కారు కింద అంటుకున్నదాన్ని మట్టి పోసి ఆర్పారు. ఆ తర్వాత వెనక్కి తిరిగారు.

అప్పటికే పరిచిన గడ్డి మీదుగా మంట వామిని అందుకుంది. గడ్డివామి అంటుకోవడం నేను దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. అంత పెద్ద శబ్దం వస్తుందని తెలియదు. అవ్వ వామి పక్కన కట్టేసిన బర్రెల తలుగులు విప్పి తరిమేసి వచ్చి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. దగ్గరకు పోబోయిన ముసలాయనను ఇద్దరు గట్టిగా పట్టుకుని ఆపారు. ఆయన ముంజేతుల మీద వెంట్రుకలు కాలిపోయి ఉన్నాయి. అవి కాలింది వామి దగ్గర కాదు, నా కారు దగ్గర. నల్లటి పొగ అవుటర్ రింగు రోడ్డు మీదుగా కొంపల్లి వైపు సాగిపోయింది. ఆ డబ్బా ఎన్నేళ్ళు పట్టినా అంత మసి పట్టదు.

వామి కూలాక అవ్వ మొగుడి వైపు తిరిగింది. చెవి మీది బీడీ లాగి నేలకేసి కొట్టింది.

"నీ బీడీ పాడుగాను. ముసలోడా, రెండు బర్రెల నోట్ల మన్ను గొడ్తివి."

ఆయన, పొద్దున్నుంచి బీడీ ముట్టించనేలేదని చెప్పాడు. నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాడు. ఎవరూ వినలేదు. బైకాయన కూడా, ఎండల్లో గడ్డి దగ్గర బీడీ తాగితే గింతే కదా అన్నాడు. బీడీ తాగే మనిషి ఉన్నాడు, గడ్డి ఉంది, మంట వచ్చింది. ఇంకో ఆధారం ఎవరికీ అక్కర్లేకపోయింది. కారు మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోడ్డు మీద ఇన్నేళ్ళుగా ఎన్ని బళ్ళు గడ్డిని తొక్కాయో!

నాకు అప్పుడే తెలుసా అంటే, సగం తెలుసు. ఆ ఫ్యాను హోరు, ఆ వాసన చెవుల్లో, ముక్కులో ఉన్నాయి. చెప్పాలనే అనుకున్నాను. ఈలోగా అవ్వ నా దగ్గరకు వచ్చి, కారుకి ఏం కాలేదు కదా అని అడిగింది. ఏం కాలేదన్నాను. ముంజల డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "వద్దు తీ సారూ. మా గడ్డికి నీ కారు కాలిపోతుండె. మంచిగున్నది, గది సాలు" అంది. నేను తేలుకుట్టిన దొంగలా కారెక్కాను.

ఇంటికి రాగానే మా ఆవిడ కారుతో ఇచ్చిన పుస్తకం తీసింది. నేను అందులో దీపం గురించిన పేజీ తప్ప ఏదీ చదవలేదు. దాని వెనక పేజీలోనే ఉంది. డబ్బాలో మసి కాలుతున్నప్పుడు కారు అడుగు విపరీతంగా వేడెక్కుతుంది, ఎండుగడ్డి మీద, ఆకుల మీద ఆపకండి, అంటుకుంటుంది అని. ఆమె ఒకసారి తనలో తను చదువుకుని, రెండోసారి పైకి చదివింది.

"అంటే మనమే" అంది.

"కచ్చితంగా చెప్పలేం" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు నేనే అదిరిపడ్డాను. అది కంపెనీలో నేను రోజూ కాగితాల మీద రాసే మాట.

సాయంత్రానికి కాలనీ గ్రూపులో ఫోటో వచ్చింది. మేడ్చల్ వైపు ఆకాశంలో నల్లటి పొగ. ఎవరో మా పక్క బ్లాకాయన బాల్కనీలోంచి తీశాడు. రైతులు మళ్ళీ మొదలుపెట్టారు అని రాసి, మీరేం అంటారు అని నా పేరు తగిలించాడు. కిందనే ఇరవై మంది కోపంగా ఉన్న బొమ్మలు పెట్టారు. ఫోను బోర్లా పెట్టి, ఆ వారమంతా గ్రూపు తెరవలేదు. ఒంట్లో బాగాలేదేమోనని ఇద్దరు తలుపు తట్టి అడిగారు కూడా.

వెళ్ళి చెప్పమని మా ఆవిడ సోమవారం అంది. చెప్తానన్నాను. మంగళవారం మీటింగు. బుధవారం, ఊళ్ళోవాళ్ళంతా మీద పడితే ఏం చేస్తావన్నాను. గురువారం ఆమె అడగడం మానేసింది. తిట్టి ఉంటే బాగుండేది. శుక్రవారం నాకో ఉపాయం తట్టింది. మాకు పాలు పోసే ఆయనకు గడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలుసు. ఆయన్ని పట్టుకుని ఒక ట్రాక్టరు ట్రాలీ నిండా మంచి పొడుగు గడ్డి మాట్లాడాను. కాలినదానికి రెండింతలు ఉంటుంది. గడ్డి పోయింది, గడ్డి వచ్చింది, చెల్లుకు చెల్లు అనుకున్నాను. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. సిగ్గు లేని నిద్ర.

ఆదివారం మేము ముందు, ట్రాక్టరు వెనక. అద్దంలో చూస్తే ట్రాక్టరు పొగగొట్టం ఎత్తు ఎక్కినప్పుడల్లా నల్లగా కక్కుతోంది. ఈసారి కారు బోసి తారు మీద, గడ్డిపోచ కూడా లేని చోట ఆపాను. ముంజల కుప్ప లేదు. రోడ్డుకు అవతలే ఉన్న వాళ్ళ ఇంటి ముందు గడ్డి దించుతుంటే అవ్వ బయటికి వచ్చింది. ఎవరికి, ఎందుకు అని అడిగింది. మీ బర్రెలకే అన్నాను. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయింది. నా కంటే పెద్దది. మా ఆవిడ ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

ముసలాయన దూరంగా, కొట్టం పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. వారంలోనే చిక్కిపోయాడు. అవ్వ అటు చెయ్యి చూపిస్తూ గట్టిగా, ఆయనకు వినపడేటట్టు చెప్పుకుపోయింది. గడ్డి కాలిన రోజు నుంచి ఆయనతో మాట లేదు, ఆయనకు అన్నం పెట్టడం లేదు. వాడకట్టు చివర ఉండే ఆయన చెల్లెలు పెడితే తింటున్నాడు, లేకపోతే లేదు. బీడీ మానెయ్యమని నలభై ఏళ్ళుగా మొత్తుకున్నా మానలేదు, ఇప్పుడు మానాడు. "సూడు" అంది ఆయనతోనే, ఎనిమిది రోజుల్లో మొదటిసారి కాబోలు. "ముంజలకొచ్చిన పరాయి మనిషికి బర్రెల మీదున్న పానం నీకు లేకపాయె."

గడ్డి ఒక్కటే కాలిందనుకున్నాను నేను. ఆయన దగ్గరకు నడిచాను. ఏదో అడగాలని, నిజంగా ఆ రోజు బీడీ ముట్టించారా అని అడిగాను. దొంగ తాను దొంగిలించిన ఇంటి వాళ్ళను తాళం వేశారా అని అడిగినట్టే ఉంది. ఆయన నా ముఖంలోకి చూడలేదు.

"ముట్టియ్యలేదనే అనుకున్న సారూ. అందరంటుండ్రు గద, ముట్టిచ్చిన్నేమో. యాదికొస్తలేదు."

అంతే. ఇక నాలో ఉన్న సాకులన్నీ చచ్చిపోయాయి. చెయ్యని తప్పు చేశానని ఆ మనిషి నమ్మడం మొదలుపెట్టాడు. వారం రోజులుగా తనను తాను తవ్వుకుని వెతుక్కుంటున్నాడు.

"మీ బీడీ కాదు. నా కారు" అన్నాను. "నా కారు అడుగు నిప్పులా వేడెక్కి ఉంది. గడ్డి మీద ఆపకూడదు. ఆపాను. దానివల్లే అంటుకుంది."

ఆయన తలెత్తాడు. అవ్వ నమ్మలేదు. నేను పెద్దమనిషిననీ, వాళ్ళ తప్పు నా మీదేసుకుంటున్నాననీ మా ఆవిడతో అంది. నిప్పు లేకుండా గడ్డి ఎట్లా కాలుతుంది, ఆ రోడ్డు మీద వేల బళ్ళు పోలేదా అంది. నేను డబ్బా, మసి, ఫిల్టరు అని ఏదో మొదలుపెట్టాను. లిఫ్టులో చెప్పినంత తేలిగ్గా రాలేదు. అప్పుడు ట్రాలీ మీద నుంచి ట్రాక్టరాయన అందుకున్నాడు. కోత మిషన్ల సైలెన్సరుకు గడ్డి తగిలి అంటుకోవడం ఆమెకు తెలియనిది కాదుగా అన్నాడు. అందుకే ట్రాక్టరుకి పొగగొట్టం నెత్తి మీద పెడతారు, ఈ కొత్త కార్లకు మాత్రం పొయ్యి పొట్ట కిందనే ఉంటుంది, సారు చెప్పేది నిజమే అన్నాడు.

అవ్వ చాలాసేపు ట్రాక్టరు పొగగొట్టం వైపు చూసింది. తర్వాత నా కారు కింద వేలాడుతున్న కరిగిన రేకు వైపు. కాలిన గడ్డి గురించి అడుగుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, అందుకు సిద్ధంగా ఉన్నాను. ఆమె అడిగింది అది కాదు.

"నీకెప్పుడెరకైంది?"

"ఆ రోజే."

"ఎనిమిది దినాలు" అంది. గొంతు పెంచలేదు. "ఎనిమిది దినాల సంది గా మనిషికి నేను బువ్వ పెట్టలే."

ఆమె లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వినిపించింది. పళ్ళెం నిండా అన్నం, పప్పు పెట్టుకుని వచ్చి, కొట్టం దగ్గరకు నడిచి, ఆయన ముందు పెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి పక్కనే కింద కూర్చుంది. ఆయన చేతులు కడుక్కుని, తల దించుకుని, తొందర లేకుండా తినసాగాడు. ఆ ఊళ్ళో గుమ్మంలో నిలబడ్డ ఎవరినైనా ముందు కూర్చోమంటారు, నీళ్ళిస్తారు. ట్రాక్టరాయనకు ఆమె మంచం చూపించింది. మమ్మల్ని మాత్రం కూర్చోమనలేదు.